తూర్పు వరసలో ఏరినవి

అక్కకు, నీ కాళ్లకు దండం పెట్టుకొని తమ్ముడు చంద్ర రాస్తున్న ఉత్తరం.

నేను బాగానే ఉన్నాను. ఒకసారి చెబితే నీవు నమ్మవు కనుక మళ్లీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, జ్వరమూ గిరమూ ఏమీ లేదు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? బావ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడా? పక్కింటి మాబున్నత్త కంటి ఆపరేషన్‌కు కర్నూలు పోతానంటూ ఉండేది, పోయి వచ్చిందా? ఎనుము ఈనిందా? ఈనితే పెయ్యా దున్నా?

ఈ కాలంలో ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఫోను చేస్తే నీవు ఎత్తడం లేదు. ఏడు వారాలైంది. చేసిన ప్రతిసారీ బావే ఎత్తి "మీ అక్క పనిలో ఉండాదప్పా" అంటాడు. బావకు అబద్ధమాడడం చేతకాదు. పోయిన వారం గట్టిగా అడిగితే చెప్పేశాడు. "యాడ పనప్పా? ఆడోళ్లంతా మిల్లుకు బుడ్డలు ఏరేదానికి పోతాండారు, మీ అక్క ఒగతే పోవడంల్యా. పిలిస్తే నా చేతులు మంచివి కాదంటాది. గోడకానుకొని కూసుంటాది" అన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకని రాస్తున్నాను. దీన్ని బావ చేత చదివించుకోవద్దు. ఐదో తరగతి దాకా చదివినదానివి, నీవే చదువుకో. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను.

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను. ఫోనులో ఎంత చెప్పినా సగం గాలికి పోయింది. ఈ కుందేళ్ల ఫారం కడప నుంచి రాయచోటి పోయే దోవకు బాగా లోపలగా, గుట్టల కింద ఉంది. మూడు రేకుల షెడ్లు, ఒక్కో షెడ్డులో రెండు అంతస్తుల ఇనుప గూళ్లు. గుట్ట రాళ్లు పొద్దంతా కాగి, పొద్దు గుంకేదాకా సెగ కొడుతూనే ఉంటాయి. మన ఊరి ఎండే నయం, కాలువ మీది గాలన్నా తగిలేది. వినాయక చవితి దగ్గర పడింది, ఇంకా గట్టి వాన లేదు. పొద్దున లేచి నీళ్ల గొట్టాలు చూడడం, మేత వేయడం, ఈనబోయే వాటికి పెట్టెల్లో కొబ్బరి పీచు సర్దడం, మధ్యాహ్నం గోనె పట్టలు తడిపి చుట్టూ కట్టడం, ఇదీ నా పని. కష్టమేమీ కాదు, దిగులు పడొద్దు.

తిండికీ లోటు లేదు. షెడ్లు కడిగే ఓబులమ్మ అని ఒకామె ఉంది, నాకూ కలిపి వండి పెడుతుంది. రోజూ రాగి సంగటే. జొన్నరొట్టె చేస్తావా అని అడిగితే "అది మీ కర్నూలోళ్లకే అరుగుతాదిలేన్నా" అంటుంది. బుడ్డలంటే ఆమెకు మొదట అర్థమే కాలేదు. ఇక్కడ శెనక్కాయలనాలంట. వీలైతే నీ చేత్తో దంచిన బుడ్డల పొడి కొంచెం పంపు. వెల్లుల్లి ఎక్కువ వెయ్యి. వీలుకాకపోతే వద్దు.

మాట్లాడేదానికి మాత్రం మనిషి లేడు. మేకలైతే అరుస్తాయి, కోళ్లైతే కూస్తాయి. కుందేలుకు ఆ గతి కూడా లేదు. మూడు షెడ్ల నిండా ప్రాణులున్నా పొద్దంతా చప్పుడుండదు. నొప్పి పుట్టినా మూలకు ఒదిగి కూర్చుంటాయే గానీ నోరు తెరవవు. మొదటి నెలంతా ఆ మౌనానికే నాకు పిచ్చెక్కినట్టయింది.

ఇక్కడివన్నీ బరువుకు పెంచిన తెల్లవి. తక్కెడలో ఏది ఎక్కువ తూగితే దాని పిల్లలనే నిలబెట్టుకుంటూ వచ్చారు. చూడడానికి ముచ్చటగానే ఉంటాయి. ఎత్తి వెల్లకిలా తిప్పితే బండారం బయటపడుతుంది. పాదాల కింద వెంట్రుక పలచన. ఆ బరువంతా తీగల మీద మోసి మోసి వెనక కాళ్ల మడమలు ఒరుసుకొని పుండ్లు పడతాయి. కొన్నింటికి ముందు పళ్లు అమరవు, పెరిగి పెరిగి పెదవిలోకి గుచ్చుకుంటాయి. వాటి పిల్లలకూ అంతే. పిల్లలను పది వేసి, పీచులో తమ పొట్ట వెంట్రుక పీకి కప్పకుండానే పక్కకు పోయే తల్లులూ ఉన్నాయి. నేను మందు రాస్తాను, పళ్లు కత్తిరిస్తాను, చలికి బిగుసుకున్న కూనలను గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంటాను. మళ్లీ అవే ఈనుతాయి, మళ్లీ అవే పుండ్లు. చిల్లు కడవతో నీళ్లు మోసినట్టు ఉంది నా బతుకు.

అప్పుడల్లా మన షెడ్డే గుర్తొచ్చేది. నీకు తెలియనిదేముంది, అయినా రాసుకుంటే మనసుకు బాగుంటుంది. కర్నూలులో ఆ ముసలి పశువుల డాక్టరు చెప్పిన మాట పట్టుకొని మొదలుపెట్టాం కదా. "పుండుకు మందు ఒగ తడవ రాస్తావు. పాదం మంచిదాని పిల్లల్నే నిలబెట్టుకుంటా పోతే, కొన్నాళ్లకు రాసే పనే ఉండదు" అన్నాడు. ఏడు ఎండాకాలాలు అదే పని చేశాం. నేను తిప్పి పాదం చూసేవాణ్ణి, పళ్లు చూసేవాణ్ణి, మిట్టమధ్యాహ్నం ఏది మేత తింటుందో, ఏది సొమ్మసిల్లుతుందో చూసేవాణ్ణి. నీవు తల్లులను చూసేదానివి. "ఇది పిల్లల్ని కప్పేదానికి పొట్ట వెంట్రుకంతా పీక్కున్యాది రా, దీన్ని ఉంచు" అనేదానివి. రక్తం మరీ దగ్గర కాకుండా రెండు మూడేళ్లకొక పోతును బయటి నుంచి తెచ్చుకున్నాం. మేత ఖర్చుకు అమ్ముకునేదానికి తెల్లవి కూడా కొన్ని వేరే వరసలో సాకాం. "చెవులపిల్లుల కాళ్లు చూసుకుంటా కూసుంటే నీకు పిల్లనెవడిస్తాడప్పా" అని బావ ఎగతాళి చేసేవాడు. ఆయన మాట నిజమే అయింది, ఎవడూ ఇవ్వలేదు.

ఏడేళ్లకు మనకు దక్కినవి చూడడానికి ఏమంత బాగుండేవి కావు. బూడిద రంగు, పొడుగు చెవులు, సన్నని ఒళ్లు. కానీ ఒక్కదానికీ మడమ పుండు లేదు. చేయి పెడితే బెదిరేవి కావు. నీవు కూనలను ఎత్తుకుంటే తల్లి పక్కనే కూర్చొని చూసేది. నీ చేతిలో పడిన కూన ఒక్కటీ పోలేదని మాబున్నత్త అనేది. "మీ అక్క చేయి సల్లని చేయి బేటా" అనేది.

బోరు ఎండి మేతకు కటకట రాబట్టే గదా, ఉగాది పోయాక మన ముసలి పోతు బూడిదోణ్ణి బుట్టలో పెట్టుకొని నేను ఇక్కడికి వచ్చింది. మన షెడ్డులో ఉన్న నాలుగింటికి సుఖం ఇస్తే ఏమొచ్చింది, ఇక్కడ వందల గూళ్లున్నాయి, ఇక్కడ మన జాతి నిలబడితే ఎన్ని ప్రాణాలు నొప్పి లేకుండా బతుకుతాయో అనుకున్నాను. ఓనరు మొదట నవ్వాడు. "బక్కదాన్ని పెట్టుకొని ఏం చేసుకోవాలబ్బీ" అన్నాడు. కానీ నడి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆయనే షెడ్డులోకి వచ్చాడు. తెల్లవి చెవులు వేలాడేసి, నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి. అప్పటికే కొన్ని చచ్చి ఉన్నాయి. బూడిదోడు మాత్రం సుబాబుల్ ఆకు నములుతూ కూర్చున్నాడు. ఓనరు చాలాసేపు చూశాడు. వాణ్ణి ఎత్తమని పాదాలు తానే చూశాడు. "ఇట్లాంటివి ఇంగా ఉండాయా?" అని అడిగాడు.

ఉన్నాయన్నాను. వచ్చే ముందే ఏరి పెట్టి వచ్చాను, పదకొండు ఆడవి, రెండు పోతులు అన్నాను. ఎండలు తగ్గాక తెచ్చుకో, ఒక షెడ్డు నీకే ఇస్తాను, నీ ఇష్టం వచ్చినట్టు పెంచు అన్నాడు. ఆ పూట నేను సంగటి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ సంతోషంలోనే నీకు ఫోను చేశాను. ఏం చెప్పానో నాకు మాట మాటా గుర్తుంది. "అక్కా, తూర్పు వరసలో ఉండేవి నేను ఏరినవి. తక్కినవాట్లో కలపొద్దు. మేత చాలదు గదా, కోతకు కొనేటోడు వస్తే చూసి ఇచ్చేయ్" అన్నాను. నీవు "సరే రా, నాకు తెల్దా" అన్నావు. షెడ్డు మాట ఇంటికి వచ్చి ఎదురుగా చెప్పి నీ ముఖం చూడాలని దాచుకున్నాను. అదే నేను చేసిన తప్పుల్లో మొదటిది.

తర్వాత ఒక పొద్దున నీవే చేశావు. ఎంత ముచ్చటగా చెప్పావో. "ఒరే చంద్రా, నువ్వు ఏరి పెట్టినవన్నీ ఎత్తిచ్చేసినా రా, ఒగటి గూడా మిగల్లేదు. నందికొట్కూరు మాంసం అంగడాయన తెల్లటివి గావాలని శానా అడిగినాడు, నేను తాకనిస్తేనా? మంచివన్నీ నీకోసరం అట్లే ఉండాయి" అన్నావు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నేనన్న మాట ఇక్కడ రాయలేను. నీకు గుర్తుంది, నాకూ గుర్తుంది. నీ చేతులను శపించినట్టు అన్నాను ఆ మాట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయినట్టున్నావు, అవతల ఎనుము మెడలో గంట కాసేపు వినిపించింది.

వెంటనే నందికొట్కూరుకు ఫోను చేశాను. అంగడాయన మర్యాదగానే మాట్లాడాడు. "వచ్చిన పొద్దే అయిపోయినాయప్పా. మాంసం తక్కువ గానీ ఎముక గట్టిగా ఉండె" అన్నాడు. ఏడేళ్ల పనికి చివరకు దక్కిన మెప్పు అది.

ఓనరుకు చెబితే తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనీలే చంద్రా, తెల్లటివి ఉండాయి గదా" అని తక్కెడ వైపు పోయాడు. నాకిస్తానన్న షెడ్డులో ఇప్పుడు బరువువే నింపారు. వాటి కాళ్లకు మందు రాసేది నేనే.

నెలన్నర నీ మీద కోపంగానే ఉన్నానక్కా. దాచను. ఇంత తెలిసిన మనిషి, తానే నాతో కూర్చొని తల్లులను ఎంచిన మనిషి, ఎట్లా ఇచ్చేసిందా అని కుమిలిపోయాను. తెల్లవి బలంగా కనబడితే ఆశపడిందేమో అని కూడా అనుకున్నాను. అంత పాపిష్టి ఆలోచన వచ్చింది నాకు.

మొన్న సోమవారం ఆ కోపం విరిగిపోయింది. ఓబులమ్మ మధ్యాహ్నం షెడ్డు అరుగు మీద చాటలో శెనక్కాయ పప్పు పోసుకొని ఏరుతోంది. నేను పక్కనే గూటి తీగలు సరిచేస్తున్నాను. ఆమె చేయి చాటలో ఆడుతోంది. పుచ్చుది, నల్లది, ముడుచుకున్నది ఒక్కొక్కటే తీసి పక్కన రేకు డబ్బాలో వేస్తోంది. కాసేపటికి డబ్బా నా ముందు పెట్టి "ఏరినవి యాడ పారబోయమంటావన్నా? మళ్లా మంచివాట్లో కలిస్తే నా పని పాడైపోతాది" అంది.

పటకారు కింద పెట్టి ఆ డబ్బాలోకి చూశాను.

నీవు పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి బుడ్డలు ఏరినదానివి. అమ్మ పక్కన కూర్చొని ఏరావు, మిల్లులో ఏరావు. నీకు ఏరినవి అంటే పారేసేవి. ఏరినవి కలపొద్దు అంటే మంచివి చెడకుండా చూడు అని. ముప్పై ఏళ్లుగా నీ చేతులకు తెలిసిన అర్థం అది. నేను ఆ డాక్టరు నోటి నుంచి పట్టుకున్న మాట, జాతికి ఏరడం, నిలబెట్టుకునేదానికి ఏరడం. మనం షెడ్డులో కూర్చున్నప్పుడు నీవెప్పుడైనా ఆ మాట వాడావా అని వెనక్కి పోయి వెదుక్కున్నాను. ఒక్కసారి కూడా లేదు. నీవు "దీన్ని ఉంచు" అనేదానివి. ఎప్పుడూ అదే అన్నావు. నేను కూడా ఉంచేవి అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. కోతకాయన వస్తే ఇచ్చేయ్ అని దాని పక్కనే నేనే అన్నాను కదా. పైగా అవి బక్కవి, బూడిదవి. పుచ్చు గింజల్లాగే ఉంటాయి చూసేవాళ్లకు. అన్నేళ్లు సాకిన వాటిని బండెక్కిస్తుంటే నీకెంత కష్టమై ఉంటుందో! తమ్ముడు చెప్పాడు, తమ్మునికి తెలుసు అనుకొని గుండె రాయి చేసుకొని ఉంటావు. నీవు నా మాట నిలబెట్టావు. మాటే తప్పుది.

తప్పు ఎవరిదో తెలిసినందుకు పోయినవి తిరిగిరావు. అది నాకూ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నీ ఫోను వచ్చిన మర్నాడే బూడిదోణ్ణి ఇక్కడి తెల్లవాటిలో పాదాలు కొంచెం మెరుగ్గా ఉన్న నాలుగింటితో జత కట్టించాను. వాడు ముసలివాడు, ఎండాకాలం దెబ్బ ఉంది. మూడు చూలు కట్టలేదు. ఒకటి ఈనింది, అయిదు కూనలు. ఆ తల్లి వెంట్రుక పీకలేదు. నేను దూది పెట్టాను, గుడ్డ పెట్టాను. నీ చేతులు లేవు కదా ఇక్కడ. మూడో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ ఇంకో రెండింటితో కట్టించాను. నిన్న వాటి కడుపులు తడిమి చూశాను. ఏమీ లేదు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. మిగతాది ఈ రోజు రాస్తున్నాను.

పొద్దున బూడిదోడు మేత ముట్టలేదు. నీళ్లు కూడా తాగలేదు. ఎత్తుకుంటే ఎప్పటిలాగే చంకలో ముఖం దూర్చుకున్నాడు. నీవు అలవాటు చేసినదే అది. ఓబులమ్మ పని ఆపి వచ్చి తడిగుడ్డతో చెవులు తుడిచింది. మధ్యాహ్నం భోజనాల వేళకు పోయాడు. చివరిదాకా చప్పుడు చేయలేదు. పూడ్చే ముందు పాదాలు తిప్పి చూశాను. అయిదు నెలలు ఆ ఇనుప తీగల మీద ఉన్నాడు కదా, ఒక్క గీత కూడా లేదక్కా. మనం అనుకున్నది నిజమే. నిజమని చూపించేదానికి మాత్రం ఇప్పుడు ఒక్క ప్రాణి లేదు. షెడ్ల వెనక కానుగ చెట్టు కింద పూడ్చాను.

అంతేనక్కా. మన ఏడేళ్లూ అయిపోయాయి. మళ్లీ మొదలుపెడదామని నీవు అంటావేమో, నాకు ఆ శక్తి లేదు. నలభై దాటాయి. దేని నుంచి మొదలుపెట్టాలో కూడా తెలియదు. ఆ డాక్టరు పోయి రెండేళ్లైంది. ఇక్కడ పని మానను, పుండ్లకు మందు రాసేవాడు ఒకడుండాలి. అంతకుమించి ఆశ ఏమీ పెట్టుకోలేదు. నా ఒంటికి ఏమీ కాలేదు, నేను బాగానే ఉన్నాను. నా కోసం ఏడవొద్దు.

నీ దగ్గర మిగిలిన తెల్లవి ఉన్నాయి కదా, వాటిని చూస్తే నీకు కడుపు మండుతుందని బావ చెప్పాడు. వాటి తప్పేముంది, పాపం. ప్రతి గూటిలో ఒక చెక్క పలక వెయ్యి, కాళ్లకు కొంచెం ఒత్తిడి తగ్గుతుంది. పలకను రెండు రోజులకోసారి కడిగి ఎండబెట్టు. మడమలు ఎర్రబడితే కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయి. నీవు రాస్తే అవి కదలకుండా ఉంటాయి. జాతి కోసం కాదు. అవి బతికినన్నాళ్లు నొప్పి లేకుండా బతకనీ.

బావకు నా నమస్కారాలు చెప్పు. ఆయన అబద్ధాలు నాకు దొరికిపోయాయని కూడా చెప్పు. మాబున్నత్తకు సలాము చెప్పు, కన్ను ఎట్లా ఉందో అడిగి తెలుసుకో. ఈసారి బావ మహానందికి పోతే నా పేరున అక్కడి కోనేట్లో ఒక మునక వేయమను.

పెద్దదానివి, దీవించమని అడగాలి నేను. ఆ మాట అన్నాక అడిగే ముఖం లేదు. అందుకే ముందు అది తిరిగి తీసుకుంటున్నాను. నీ చేతుల మీద పడిన నా మాట నా నాలుక మీదే పడనీ. ఆ చేతులు చల్లగా ఉండాలి. రేపటి నుంచి మిల్లుకు పో, చాట ముందు కూర్చో, నీకు తెలిసినట్టే ఏరు. అవి ఏడు ఎండాకాలాలు కూనలను బతికించిన చేతులు, తప్పు చేసినవి కావు.

ఈ ఉత్తరం అందిన పొద్దున నేను ఫోను చేస్తాను. బావకు ఇవ్వొద్దు. ఆ చేత్తోనే ఎత్తు.

నీ తమ్ముడు,
చంద్ర